రోడ్డుకు రేటింగ్ ఇవ్వడం ఎలా: హైవే ఉపరితలాన్ని నడిచి, కొలిచి, నంబరు వేసే పద్ధతి

చాలా ఏళ్ల కిందట మిర్యాలగూడ వైపు ఒక రెండు వరుసల రోడ్డుకు నేనూ ఒక సీనియర్ ఇంజనీరూ విడివిడిగా రేటింగ్ ఇచ్చాం. అదే కిలోమీటరు, అదే వారం. ఆయన కాగితంలో ‘బాగుంది’ అని ఉంది, నా కాగితంలో ‘బాగోలేదు’ అని ఉంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం రాయలేదు. ఆయన జీపులో వెళ్తూ చూశారు, నేను నడిచాను. పైగా ఆయన వెళ్లిన రోజు రోడ్డుకు ఒక పక్క పొడుగునా రైతులు వడ్లు ఆరబోశారు. పగుళ్లన్నీ ఆ వడ్ల కిందే ఉన్నాయి.

అప్పటి నుంచి నేను ఒకే పరీక్ష పెట్టుకున్నాను. నేను నింపిన షీటు పట్టుకుని రేపు ఇంకొకరు అదే చోటికి వెళ్తే వాళ్లకూ దాదాపు అదే నంబరు రావాలి. రాకపోతే అది కొలత అనిపించుకోదు. ఈ వ్యాసంలో చెప్పే ప్రతి పనీ ఆ ఒక్క దాని కోసమే. కొత్తగా ఫీల్డుకు వచ్చిన ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు), కన్సల్టెన్సీల్లో పనిచేసే కుర్రాళ్లు, సివిల్ చదువుతున్న పిల్లలు దీన్ని చదివి నేరుగా రోడ్డు మీదికి వెళ్లగలగాలని రాస్తున్నాను.

రోడ్డు గురించి తెలుసుకోవాల్సినవి నాలుగు. పైన కంటికి కనిపించే దెబ్బలు ఎన్ని? బండి ఎంత కుదుపుతుంది? లోపల బలం ఎంత మిగిలింది? టైరుకు పట్టు దొరుకుతుందా? వీటిలో మొదటిదానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, కాళ్లూ టేపూ ఉంటే చాలు. అందుకే ఎక్కువ మంది దాన్నే తేలిగ్గా తీసుకుని పాడుచేస్తారు. నేను ఎక్కువసేపు దాని దగ్గరే ఆగుతాను.

ఎప్పుడు వెళ్లాలి

వానాకాలం ముగిసిన వెంటనే, అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్లండి. అప్పుడు కింద మట్టి నానిపోయి ఉంటుంది కాబట్టి రోడ్డు తన బలహీనతను దాచుకోలేదు. నల్లరేగడి నేలల్లో అయితే ఎండాకాలంలో ఇంకోసారి చూడాలి. ఆ మట్టి ఎండి కుంచించుకుపోయినప్పుడు రోడ్డు అంచుకు సమాంతరంగా పొడవాటి పగుళ్లు తెరుచుకుంటాయి. వానలకు మట్టి ఉబ్బితే అవి మళ్లీ సగం మూసుకుపోతాయి. అక్టోబరులో మాత్రమే చూసినవాళ్లకు ఆ రోడ్డు జబ్బు సగమే తెలుస్తుంది.

వరి కోతల సమయంలో వడ్లు, మొక్కజొన్న రోడ్డు మీదికి వచ్చే ఊళ్లు మనకు చాలా ఉన్నాయి. ముందు రోజే ఊళ్లో వాకబు చేయండి. రైతును పక్కకు తీయమని అడగడం కంటే పది రోజులు ఆగి వెళ్లడం మంచిది.

రోజులో ఏ వేళ అన్నది కూడా ముఖ్యమే. మిట్టమధ్యాహ్నం తారు మీద ఎండ నిలువుగా పడుతుంటే సన్న పగుళ్లు కనిపించవు. పొద్దున్నే, సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు, సూర్యుడికి ఎదురుగా నడవండి. అన్నిటికంటే మంచి సమయం చిన్న వాన పడి ఆగాక వచ్చే అరగంట. రోడ్డు పైభాగం ఆరిపోతుంది, పగుళ్లలో నీళ్లు మాత్రం నిలిచి ఉంటాయి. బూడిద రంగు రోడ్డు మీద పగుళ్లు పెన్నుతో గీసినట్టు నల్లగా తేలతాయి. అంతకుముందు రోజు ‘పగుళ్లు లేవు’ అని రాసిన చోటే అరచేతి వెడల్పు గళ్లతో వల పరుచుకుని ఉండడం ఆ అరగంటలో నేను చూశాను. చక్రాల దారిలో నీళ్లు ఎక్కడ నిలిచాయో కూడా అప్పుడే సున్నంతో గుర్తు పెట్టుకోవచ్చు.

ఏం తీసుకెళ్లాలి, ఎలా నిలబడాలి

30 మీటర్ల టేపు, 5 మీటర్ల చిన్న టేపు, కొలత చక్రం, 3 మీటర్ల స్ట్రెయిట్ ఎడ్జ్ (వంపు లేని కడ్డీ), దానితో వాడే మి.మీ. గుర్తులున్న వెడ్జ్ (ఏటవాలు చీలిక), స్టీలు స్కేలు, సున్నం లేదా పసుపు పెయింటు, అట్ట, షీట్లు, ఫోను. ఫోనులో జీపీఎస్ ఆన్ చేసి ఉంచండి.

ముగ్గురు వెళ్లండి. ఒకరు కొలుస్తారు, ఒకరు రాస్తారు, మూడో మనిషి బండ్లు వచ్చే వైపు జెండా పట్టుకుని నిలబడతాడు. ఆ మూడో మనిషికి ఇంకే పనీ చెప్పకండి. టేపు ఆ చివర పట్టుకోమని అతన్ని పిలిచిన క్షణంలోనే లారీ వస్తుంది. మెరిసే జాకెట్లు, కోన్లు తప్పనిసరి. మలుపులో, కల్వర్టు మీద, గట్టు దిగుడులో ఉన్న భాగాన్ని కొలవాలంటే పోలీసుల సాయం తీసుకోండి, లేదంటే ఆ భాగాన్ని వదిలేసి ఎందుకు వదిలేశారో షీటులో రాయండి. మిల్లులకు వడ్లు మోసే లారీలు తిరిగే రోడ్డు మీద వంగి స్కేలు పెట్టే మనిషి ప్రాణం అట్ట మీది కాగితం కంటే చాలా విలువైనది.

రోడ్డును ముక్కలు చేయడం

‘కిలోమీటరు మొత్తం చూశాను, పర్వాలేదు’ అంటే రెండో మనిషికి ఏమీ అర్థం కాదు. ముక్కలు చేయాలి. ప్రపంచంలో ఎక్కువగా వాడే పీసీఐ పద్ధతి, అంటే పేవ్‌మెంట్ కండిషన్ ఇండెక్స్ (రోడ్డుకు 100కి ఇన్ని మార్కులని ఇచ్చే లెక్క), 1970ల్లో అమెరికా సైన్యపు ఇంజనీర్ల పరిశోధనశాలలో తయారైంది. ఇప్పుడది ఏఎస్‌టీఎం (అమెరికా ప్రమాణాల సంస్థ) డి6433 ప్రమాణం. అందులో తారు రోడ్డుకు ఒక్కో ముక్క 225 చదరపు మీటర్లు, అటూ ఇటూ 90 వరకు తేడా ఉండొచ్చు. మన రెండు వరుసల రోడ్డు వెడల్పు 7 మీటర్లు కదా. 32 మీటర్ల పొడవు తీసుకుంటే 224 చదరపు మీటర్లు వస్తుంది, సరిగ్గా సరిపోతుంది.

కిలోమీటరుకు ఇలాంటివి 31 ముక్కలు. అన్నీ కొలవాలా? అక్కర్లేదు. ఎన్ని చాలో ఒక సూత్రం ఉంది. మొత్తం ముక్కల సంఖ్యను, ముక్కల మార్కుల మధ్య ఉండే అంచనా తేడా వర్గంతో (ఆ తేడాను దానితోనే గుణించగా వచ్చేదానితో) గుణించాలి. దాన్ని, ఒప్పుకునే పొరపాటు వర్గంలో నాలుగో వంతును మొత్తం ముక్కల కంటే ఒకటి తక్కువ సంఖ్యతో గుణించి, తేడా వర్గాన్ని కలపగా వచ్చిన దానితో భాగించాలి. తారు రోడ్డుకు తేడా 10 మార్కులు, ఒప్పుకునే పొరపాటు 5 మార్కులు అనుకుంటారు. మన లెక్కలో 3100ను 287.5తో భాగిస్తే 10.8, అంటే 11 ముక్కలు. 31ని 11తో భాగిస్తే 2.8, దాన్ని కిందికి దించి 2. అంటే ముక్క విడిచి ముక్క. మొదటిది ఒకటో ముక్కా రెండో ముక్కా అన్నది చీటీ వేసి తేల్చండి. ‘ఈ ముక్క బాగా పాడైంది, ఇది చూపిద్దాం’ అని మీరే ఏరితే రేటింగ్ అప్పుడే పక్కకు ఒరిగిపోతుంది. మరీ ఘోరంగా ఉన్న చోటును వదల్లేకపోతే దాన్ని అదనపు ముక్కగా విడిగా రాయండి, యాదృచ్ఛికంగా వచ్చిన వాటితో కలపకండి.

ప్రతి ముక్క మొదలు, చివర చైనేజీతో, అంటే రోడ్డు మొదటి నుంచి ఉన్న దూరంతో రాయాలి. కిలోమీటరు రాయి, 200 మీటర్ల రాళ్లు చూసుకుని అక్కడి నుంచి చక్రంతో కొలవండి. రాళ్లు కొన్నిచోట్ల పడిపోయి ఉంటాయి, కొన్నిచోట్ల జరిగి ఉంటాయి. కాబట్టి కల్వర్టు గోడ అంచు లాంటి కదలని గుర్తును కూడా జత చేయండి: ‘కల్వర్టు నుంచి 46 మీటర్లు, ఎడమ వైపు వేపచెట్టు’.

నడక: ఏది చూసి ఏం రాయాలి

మొదట ముక్క మొత్తాన్ని ఒకసారి నడిచి ఊరికే చూడండి. రెండోసారి నడిచేటప్పుడు కొలవండి. మొదటి నడకలోనే కొలవడం మొదలుపెడితే చేతి ముందున్న పగులుకు వివరం ఎక్కువైపోతుంది, చివరి పది మీటర్లకు ఓపిక ఉండదు.

పగుళ్ల నుంచి మొదలుపెట్టండి. చక్రాలు నడిచే దారిలో చిన్న చిన్న గళ్లుగా, మొసలి వీపులా కనిపించే పగుళ్లను మనవాళ్లు అలిగేటర్ క్రాక్స్ అంటారు. లారీ బరువుకు తారు పొర మళ్లీ మళ్లీ వంగి అలసిపోయిందని దాని అర్థం. చాలాసార్లు అది పొర అడుగున మొదలై పైకి వస్తుంది. కాబట్టి పైన కనిపించేసరికే లోపల పని అయిపోయి ఉంటుంది. దాన్ని పొడవు, వెడల్పు కొలిచి చదరపు మీటర్లలో రాయాలి. గళ్ల మధ్య ముక్కలు కదులుతున్నాయా అని బూటుతో నొక్కి చూడండి. కదిలితే తీవ్రత ఎక్కువ. పగులు నోటి నుంచి సన్నటి బురద పైకి వచ్చి ఎండిపోయి తెల్లటి చారగా కనిపిస్తే దాన్ని ప్రత్యేకంగా రాయండి. కింది పొరల్లోకి నీళ్లు చేరాయి, బండి వెళ్లినప్పుడల్లా ఆ నీరు సన్న మట్టిని పైకి నెడుతోంది. నా అనుభవంలో ఇంతకంటే స్పష్టమైన హెచ్చరిక రోడ్డు ఇంకోటి ఇవ్వదు.

ఒంటరి పగుళ్లు వేరు. రోడ్డు పొడవునా పోయేవి, అడ్డంగా పోయేవి. పీసీఐలో వీటిని మీటర్లలో రాస్తారు. నింపని పగులు వెడల్పు 10 మి.మీ. లోపుంటే తక్కువ తీవ్రత, 10 నుంచి 75 వరకు మధ్యస్థం, ఆపైన ఎక్కువ. విస్తీర్ణం శాతం కావాల్సిన పద్ధతిలో పొడవును ఒక ఊహించుకున్న వెడల్పుతో గుణిస్తారు. కొందరు 30 సెం.మీ., కొందరు 50 సెం.మీ. తీసుకుంటారు. ఏది తీసుకున్నారో షీటు నెత్తిన రాయండి. అది రాయనందుకు రెండు సర్వేలు పోల్చలేకపోయిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

తర్వాత చక్రాల గాళ్లు, అదే రట్టింగ్. స్ట్రెయిట్ ఎడ్జ్‌ను రోడ్డుకు అడ్డంగా, గాడికి రెండు వైపులా ఒడ్డుల మీద ఆనేట్టు పెట్టండి. దాని కింద అత్యంత లోతైన చోట వెడ్జ్ దూర్చి చదవండి. లోతైన చోటు వెతకడానికి వెడ్జ్‌ను అటూ ఇటూ జరపాలి. మొదట దూర్చిన చోటే చదివితే రెండు మూడు మి.మీ. ఇట్టే తప్పుతుంది. ప్రతి ముక్కలో రెండు చక్రాల దారుల్లోనూ ఐదారు చోట్ల చదివి సగటు, గరిష్ఠం రెండూ రాయండి.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాల్సిన విషయం ఒకటుంది. 12 మి.మీ. గాడి వచ్చిందనుకోండి. తారు రోడ్ల నిర్వహణకు మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, అంటే ఐఆర్‌సీ 82, 2015 ప్రకారం హైవేల మీద 10 మి.మీ. దాటితే ‘బాగోలేదు’. అదే ఐఆర్‌సీ వారి 115, 2014లో 10 నుంచి 20 మి.మీ. వరకు ‘ఫర్వాలేదు’ వర్గం. ఏఎస్‌టీఎం ప్రకారం 6 నుంచి 13 మి.మీ. వరకు తక్కువ తీవ్రత. మూడూ తప్పు కాదు, ఒక్కోటి ఒక్కో పని కోసం రాసినవి. 82 అనేది ఎప్పుడు బాగుచేయాలో చెప్పడానికి, 115 అనేది బలం కొలిచే ముందు రోడ్డును ఒకే తీరు భాగాలుగా విడదీయడానికి. అందుకే ‘రట్టింగ్ బాగోలేదు’ అని ఎప్పుడూ రాయకండి. ‘12 మి.మీ.’ అని రాయండి, పక్కనే ఏ కోడ్ ప్రకారం ఏ వర్గమో రాయండి. మిల్లీమీటర్లు ఉంటే రేపు కోడ్ మారినా మీ షీటు పనికొస్తుంది.

గుంతలకు పొడవు, వెడల్పు, లోతు మూడూ కావాలి. కంకర లేచిపోవడం, తారు పైకి తేలి నున్నగా మెరవడం, బస్టాపులు, జంక్షన్ల దగ్గర బ్రేకులకు తారు ముందుకు తోసుకుపోయి మడతలు పడడం, కుంగిన చోట్లు, పాత ప్యాచ్‌లు, వీటన్నిటినీ విస్తీర్ణంలో రాయండి. ప్యాచ్ ఎంత బాగా వేసినా ప్యాచ్‌గానే లెక్క. అక్కడ ఒకసారి రోడ్డు పోయిందనడానికి అది సాక్ష్యం.

అంచుల్ని మర్చిపోవద్దు. బెర్మ్, అంటే రోడ్డు పక్క మట్టి భుజం, కొట్టుకుపోయి తారు అంచు అరడుగు ఎత్తున నిలబడితే రోడ్డు లోపలి భాగం ఎంత బాగున్నా అంచు విరుగుతుంది. బైకు మీదున్న మనిషి పక్కకు దిగితే పడిపోతాడు. అలాగే బెర్మ్ రోడ్డు కంటే ఎత్తుగా పెరిగిపోయి వాన నీరు పోవడానికి దారి లేకుండా చేసిన చోట్లు. రేటింగ్ పట్టికల్లో వీటికి పెద్ద స్థానం ఉండదు కానీ షీటు చివర ఒక గడి పెట్టుకుని రాయండి. పగుళ్లకు కారణం చాలాసార్లు ఆ గడిలోనే దొరుకుతుంది.

ఒక ముక్క లెక్క చూద్దాం

224 చదరపు మీటర్ల ముక్కలో మీకు ఇవి దొరికాయనుకోండి. 6.4 మీటర్ల పొడవు, 1.1 మీటర్ల వెడల్పున అలిగేటర్ పగుళ్లు, అంటే 7.04 చ.మీ. ఇంకోచోట 3.5 × 1.2, అంటే 4.2 చ.మీ. 9 మీటర్ల ఒంటరి పగులు, 30 సెం.మీ. లెక్కన 2.7 చ.మీ. మొత్తం 13.94. దీన్ని 224తో భాగిస్తే 6.2 శాతం. ఐఆర్‌సీ 82లో హైవేలకు పగుళ్లు 5 శాతం లోపుంటే ‘బాగుంది’, 5 నుంచి 10 వరకు ‘ఫర్వాలేదు’, 10 దాటితే ‘బాగోలేదు’. కాబట్టి ఇది ఫర్వాలేదు.

ఒక గుంత ఉంది: 45 × 40 సెం.మీ., లోతు 6 సెం.మీ. విస్తీర్ణం 0.18 చ.మీ., అంటే 0.08 శాతం. అదే పట్టికలో గుంతలు 0.1 శాతం లోపుంటే ‘బాగుంది’! రాత్రిపూట వానలో బైకు ముందు చక్రం పడితే మనిషిని కింద పడేసే గుంత, లెక్కలో మంచి మార్కు తెచ్చుకుంటుంది. లెక్క తప్పు కాదు, శాతం అనే కొలతకు లోతు తెలియదు. పీసీఐలో ఇదే గుంతను విస్తీర్ణంతో కాకుండా సంఖ్యతో, లోతునూ సగటు వ్యాసాన్నీ చూసి లెక్కేస్తారు. లోతు 50 మి.మీ. దాటింది, వ్యాసం 450 మి.మీ. లోపే, కాబట్టి మధ్యస్థ తీవ్రత. మీరు ఏ పద్ధతి వాడినా సరే, 5 సెం.మీ. దాటిన గుంత కనిపిస్తే సర్వే ముగిసేదాకా ఆగకుండా అదే రోజు నిర్వహణ వాళ్లకు ఫోన్ చేయండి. నేను ఈ విషయంలో ఎవరితోనూ రాజీ పడను.

పీసీఐ నంబరు తీయడం కొంచెం పెద్ద పని. 100 మార్కులతో మొదలై ప్రతి దెబ్బకూ రకం, తీవ్రత, విస్తీర్ణాన్ని బట్టి వక్రరేఖల నుంచి తగ్గింపు మార్కులు చదువుతారు. అవన్నీ నేరుగా కలిపేస్తే మైనస్‌లోకి పోతుంది కాబట్టి రెండు సర్దుబాట్లు ఉన్నాయి. మొదటిది, ఎన్ని తగ్గింపులు లెక్కలోకి తీసుకోవచ్చో చెప్పేది: 100లోంచి అతిపెద్ద తగ్గింపును తీసేసి, 9/98తో గుణించి, ఒకటి కలపాలి. అతిపెద్ద తగ్గింపు 38 అయితే 6.7 వస్తుంది. అంటే ఆరు తగ్గింపులు పూర్తిగా, ఏడోదాంట్లో పదికి ఏడు వంతులు. రెండోది, మొత్తాన్ని దిద్దే వక్రరేఖ. దిద్దిన వాటిలో గరిష్ఠాన్ని 100లోంచి తీస్తే పీసీఐ. 85 పైన బాగుంది, 70 పైన సంతృప్తికరం, 55 పైన ఫర్వాలేదు, 40 పైన బాగోలేదు, ఆ కిందికి దిగేకొద్దీ మరీ అధ్వానం, 10 లోపుంటే పోయినట్టే. లెక్కలు కంప్యూటరే చేస్తుంది కానీ మొదటి రెండు ముక్కలు చేత్తో చేయండి. ఏ దెబ్బ మార్కులు ఎంత తింటుందో చేతికి తెలిస్తే రోడ్డు మీద కన్ను దానంతటదే పదునవుతుంది.

సిమెంటు రోడ్డయితే ముక్కను మీటర్లలో కాకుండా పలకల్లో తీసుకోండి, ఒక్కో ముక్కకు 20 పలకలు, అటూ ఇటూ 8. మూలలు విరగడం, పలకల మధ్య ఎత్తు తేడా, వీటిని పలకల సంఖ్యతో లెక్కేస్తారు. జాయింటు నింపుడు ఊడిపోవడాన్ని మాత్రం ముక్క మొత్తానికి కలిపి చూస్తారు.

కుదుపు కొలవడం

రోడ్డుకు నంబరు ఇవ్వడమనే ఆలోచన నిజానికి కుదుపు నుంచే మొదలైంది. 1958 నుంచి 1960 వరకు అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రం ఒటావా ఊరి దగ్గర ఆషో (అమెరికా రాష్ట్రాల హైవే అధికారుల సంఘం) రోడ్ టెస్ట్ జరిగింది. అప్పుడు మనుషుల్ని కార్లలో తిప్పి రోడ్డుకు సున్నా నుంచి 5 వరకు మార్కులు వేయమన్నారు. తర్వాత ఆ మార్కుల్ని కొలిచిన ఎగుడుదిగుడు, పగుళ్లు, ప్యాచ్‌లు, గాళ్లతో పోల్చి సూత్రం తయారుచేశారు. మనుషులు వేసిన మార్కులకు అన్నిటికంటే దగ్గరగా నిలిచింది ఎగుడుదిగుడే. 1982లో బ్రెజిల్ రాజధాని బ్రసీలియాలో ప్రపంచ బ్యాంకు పరీక్షల తర్వాత ఐఆర్‌ఐ (అంతర్జాతీయ ఎగుడుదిగుడు సూచిక) అనే ఉమ్మడి కొలత వచ్చింది. దాన్ని కిలోమీటరుకు మీటర్లలో చెప్తారు.

మన దగ్గర ఎక్కువ కాలం వాడింది బంప్ ఇంటిగ్రేటర్, ఫీల్డులో ‘ఫిఫ్త్ వీల్’ అంటారు. ఒకే చక్రమున్న ట్రైలర్‌ను జీపు వెనక కట్టి గంటకు 32 కిలోమీటర్ల స్థిరమైన వేగంతో లాగితే చక్రం నిలువుగా ఒక దిశలో కదిలిన మొత్తాన్ని కిలోమీటరుకు ఇన్ని మి.మీ. అని లెక్కిస్తుంది. డ్రైవరు వేగం మారిస్తే నంబరు మారిపోతుంది, టైరులో గాలి తగ్గితే నంబరు తగ్గిపోతుంది. ఉదయం పని మొదలయ్యే ముందు గాలి చూడడం మీ బాధ్యత, డ్రైవరుది అనుకోకండి.

యంత్రం లేని చోట మెర్లిన్ అనే సాధనం చేయించుకోవచ్చు. బ్రిటన్ రవాణా పరిశోధనశాలలో తయారైంది. ముందు సైకిలు చక్రం లాంటిది, వెనక కాలు, మధ్యలో రోడ్డును తాకే చిన్న పాదం. రెండు చివర్ల మధ్య దూరం 1.8 మీటర్లు. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఆగి, ముల్లు చూపిన చోట చార్టు మీద ఒక గుర్తు పెట్టాలి. అలా 200 గుర్తులు. రెండు చివర్ల నుంచి పదేసి గుర్తులు వదిలేసి మధ్యలో మిగిలిన గుర్తుల వెడల్పు మి.మీ.లో కొలిస్తే అది ‘డి’. ఐఆర్‌ఐ = 0.593 + 0.0471 × డి. డి 70 వస్తే ఐఆర్‌ఐ సుమారు 3.9. మన పాత బంప్ ఇంటిగ్రేటర్ భాషలోకి మార్చాలంటే ఐఆర్‌ఐని 1.12 ఘాతానికి పెంచి 630తో గుణించాలి, దాదాపు 2,900 మి.మీ. వస్తుంది. ఐఆర్‌సీ ఎస్పీ 16, 2004 ప్రకారం బిటుమినస్ కాంక్రీటు రోడ్డుకు 2,000 లోపు మంచిది, 3,000 వరకు సగటు, ఆపైన బాగోలేదు. అంటే ఈ రోడ్డు గీత దగ్గరికి వచ్చేసింది.

ఇప్పుడు లేజర్లు, కెమెరాలు అమర్చిన నెట్‌వర్క్ సర్వే వెహికల్ హైవే వేగంతో వెళ్తూనే ఎగుడుదిగుడు, గాళ్లు, పగుళ్ల ఫొటోలు అన్నీ తీసుకుంటుంది. వందల కిలోమీటర్ల హైవేకు అదే సరైన దారి. ఫోనును డాష్‌బోర్డు మీద పెట్టి కుదుపు కొలిచే యాప్‌లు కూడా వచ్చాయి. వాటిని పూర్తిగా కొట్టిపారేయను. కానీ ఫోను కొలిచేది రోడ్డును కాదు, మీ కారు స్ప్రింగులు రోడ్డుకు ఎలా స్పందించాయో దాన్ని. ముందుగా ఐఆర్‌ఐ తెలిసిన రెండు మూడు రోడ్ల మీద అదే కారు, అదే వేగం, అదే స్టాండుతో తిరిగి సరిచూసుకోకుండా ఆ నంబరును రిపోర్టులో పెట్టకండి.

లోపలి బలం

పైన నున్నగా ఉన్న రోడ్డు లోపల బలహీనంగా ఉండొచ్చు, ముఖ్యంగా కొత్తగా పలుచటి పొర వేసి పగుళ్లను కప్పేసినప్పుడు. దీనికి బెంకెల్‌మన్ బీమ్, అంటే లారీ బరువుకు రోడ్డు ఎంత వంగుతుందో చెప్పే పొడవాటి కడ్డీ, ఇప్పటికీ పనికొస్తుంది, పద్ధతి ఐఆర్‌సీ 81, 1997లో ఉంది. లారీ వెనక యాక్సిల్ మీద 8,170 కిలోల బరువు, టైర్లలో చ.సెం.మీ.కు 5.6 కిలోల గాలి. జంట టైర్ల మధ్య సందులో బీమ్ ముక్కు పెట్టి డయల్ గేజ్ నిలకడగా ఆగాక చదవండి. లారీని 2.7 మీటర్లు ముందుకు నడిపి రెండోసారి, ఇంకో 9 మీటర్లు నడిపి మూడోసారి చదవండి. బీమ్ నిష్పత్తి 2:1 కాబట్టి మొదటి, చివరి రీడింగుల తేడాను రెండింతలు చేయాలి. తేడా 0.48 అయితే రోడ్డు వంగింది 0.96 మి.మీ. మధ్య రీడింగు, చివరి రీడింగు 0.025 మి.మీ. కంటే ఎక్కువ తేడా చూపిస్తే బీమ్ కాళ్లు కూడా ఆ వంపులోనే ఉన్నట్టు, కోడ్‌లో చెప్పిన సవరణ చేయాలి.

తారు వేడికి మెత్తబడుతుంది కాబట్టి రోడ్డుకు చిన్న రంధ్రం చేసి గ్లిజరాల్ పోసి ఉష్ణోగ్రత చదవాలి. ప్రామాణికం 35 డిగ్రీలు, ఒక్కో డిగ్రీ తేడాకు 0.0065 మి.మీ. 39 డిగ్రీలుంటే 0.026 తీసేయాలి, 0.93 మిగులుతుంది. ఒక్కో భాగానికి కనీసం పది చోట్ల, 50 మీటర్లకు మించకుండా. ముఖ్యమైన రోడ్లకు సగటుకు రెండు ప్రామాణిక విచలనాలు, మిగతా వాటికి ఒకటి కలిపి డిజైనుకు వాడతారు. బరువు పడేసి చుట్టూ సెన్సార్లతో వంపును కొలిచే ఎఫ్‌డబ్ల్యూడీ (ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్) దొరికితే అదే మేలు. ఏ పొర బలహీనంగా ఉందో కూడా అది చెప్తుంది.

పట్టు

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. 25 మి.లీ. సన్న ఇసుక పొడిగా ఉన్న రోడ్డు మీద పోసి గుండ్రంగా పరచండి. వృత్తం వ్యాసం 200 మి.మీ. వస్తే సగటు లోతు 0.8 మి.మీ. వృత్తం ఎంత పెద్దదైతే రోడ్డు అంత నున్నబడినట్టు. తారు తేలిన చోట, మలుపుల్లో, గుడి దగ్గర స్పీడు తగ్గే చోట తప్పకుండా చేయండి.

షీటు ముగించడం

నంబర్లన్నీ వచ్చాక వాటిని ఒకదానితో ఒకటి కలిపి ఒకే మార్కుగా చేయాలనే తొందర వద్దు. కుదుపు ఎక్కువ, వంపు తక్కువ ఉంటే పైపొర సరిచేస్తే సరిపోవచ్చు. పగుళ్లు తక్కువ, వంపు ఎక్కువ ఉంటే వచ్చే వానాకాలానికి ఆ రోడ్డు పోతుంది, బలపరిచే పొర కావాలి. గాళ్లు లోతుగా ఉండి పగుళ్లు లేకపోతే కారణం తారు మిశ్రమంలో ఉండొచ్చు, రోడ్డును కోసి నమూనా తీసి చూడాలి. కలిపేసిన ఒక్క మార్కు ఈ తేడాలన్నీ మింగేస్తుంది.

చివరగా, కొలిచిన ముక్కల్లో ఏవైనా రెండింటికి ఇంకో జట్టును షీట్లు చూపించకుండా పంపండి. వాళ్ల నంబరు మీ నంబరుకు ఐదు మార్కుల లోపు ఉంటే సర్వే ఒప్పుకోండి. లేకపోతే ఇద్దరూ కలిసి ఆ ముక్క మీదికి మళ్లీ వెళ్లి, ఏ పగులును ఎవరు ఏమని రాశారో రోడ్డు మీదే నిలబడి తేల్చుకోండి. తిరిగి వచ్చే ముందు ప్రతి ముక్క మొదట్లో, తారు అంచున, ఒక ఇనప మేకు కొట్టి చుట్టూ పసుపు రంగు వేయండి. వచ్చే నవంబరులో టేపు అక్కడి నుంచే పట్టాలి.